కొలువు నాడు వచ్చిన మాట

ఆ రోజు పొద్దున నేను మా వదినతో పోట్లాడటానికే వంటింట్లోకి వెళ్ళాను. ముందురోజు సాంబారులో ఆమె చింతపండు ఎక్కువ పోసింది. ఏం తిట్టాలో మనసులో సిద్ధం చేసుకునే వెళ్ళాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. చేతిలో ఉన్న చెంబు జారి కింద పడింది. కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడింది. పెదవి ఒక పక్కకు లాగుతోంది. మొదట భయం కూడా వేయలేదు, ఇదేమిటి అనిపించింది.

వదిన నావైపు చూసి, "ఏంది కమలా, పొద్దున్నే నోరు మూసుకోని ఉండావే? ఈ పొద్దు వాన వస్తాది" అని నవ్వింది.

నేను కాలీడ్చుకుంటూ వెళ్ళి హాల్లో బల్ల మీద కూలబడ్డాను. అలిగాననుకున్నారు. నేను అలిగితే మధ్యాహ్నం దాకా ఎవరూ పలకరించకూడదని ఇంట్లో అందరికీ నేనే నేర్పి పెట్టాను. కాబట్టి ఎవరూ పలకరించలేదు. మా ఆయన భోజనానికి వచ్చి, నా నోటి పక్కనుంచి చొంగ కారడం చూసేదాకా నాలుగు గంటలు అలాగే కూర్చుని ఉన్నాను.

మాది పెరంబూరు. తాతల నాటి నుంచి మద్రాసులోనే ఉన్న తెలుగు వ్యాపార కుటుంబం. ఆయనకు టౌనులో మిరపకాయలు, పసుపు హోల్‌సేల్ కొట్టు. వదిన అంటే ఆయన అక్క, రాజేశ్వరి. మా మేడ మీద వాటాలో ఉంటారు, ఆమె భర్తకు ఊరి అంచున మనలిలో ఫ్యాక్టరీ ఉద్యోగం. వాటాలు వేరైనా వంట ఒక్కటే. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. నా నోటికి వీధిలో పేరుండేది. పూలమ్మే ఆమె మా ఇంటి ముందు బేరం చెప్పేది కాదు, నేనిచ్చింది తీసుకుని వెళ్ళిపోయేది. ఇక వదినను పదిహేనేళ్ళుగా నోరెత్తనివ్వలేదు. పిల్లలు లేరని ఆమెను ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో నాకే గుర్తులేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినవాటికి మీరు ఆమె ఒక్కదాన్నే తిట్టుకోకూడదు.

ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. న్యూరాలజీ డాక్టరు సగం తమిళం, సగం ఇంగ్లీషులో మా ఆయనకు చెప్పాడు. లెఫ్ట్ సైడ్ ఇన్‌ఫార్క్ట్. మెదడులో ఎడమవైపు రక్తం అందక స్పీచ్ ఏరియా దెబ్బతింది. బ్రోకాస్ అఫేషియా అంటారు. "ఆమెకి అన్నీ అర్థమవుతాయి సార్. చెప్పలేదు, అంతే." బీపీ మాత్రలు ఎప్పుడు మానేశారని అడిగాడు. ఆయన నావైపు చూశాడు. ఒంట్లో బాగానే ఉందని నేనే మానేసి ఆరు నెలలైంది. ఆ మాట చెప్పడానికి కూడా నాకు నోరు లేదు.

ఐదో రోజు ఒక మాట వచ్చింది. "సరే." నర్సు సూది తెచ్చింది, సరే అన్నాను. నొప్పిగా ఉందా అంటే సరే. లేదా అంటే సరే. మీ పేరేమిటమ్మా అని డాక్టరు అడిగితే కమల అందామని ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకున్నాను. బయటికి వచ్చింది సరే. "ఇలా ఒకే మాట మిగలడం ఉంటుంది. రికరింగ్ అటరెన్స్. కొందరికి తిట్టు మిగులుతుంది, కొందరికి దేవుడి పేరు" అన్నాడు డాక్టరు. నాకు తిట్టు మిగిలినా బాగుండేదని మనసారా అనుకున్నాను. పెళ్ళయినప్పటినుంచి ఎవరికీ సరే అనని దాన్ని నేను.

పదకొండు రోజులకు ఇంటికి తెచ్చారు. చూడటానికి చుట్టాలు వస్తుండేవాళ్ళు. మొదటి వారంలోనే వదిన ఒక ఆట కనిపెట్టింది. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, పావం అని నిట్టూర్చాక, ఆమె నా పక్కన చేరి ముద్దుగా అడిగేది.

"కమలా, నీ మొగుడికి ఇంకో పెండ్లి చేస్తాము. చేద్దామా?"

"సరే" అనేదాన్ని నేను. తల అడ్డంగా ఊపుతూ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ, సరే, సరే అనేదాన్ని.

అందరూ నవ్వేవాళ్ళు. "చుమ్మా తమాషాకి అడిగినాను, కోప్పడతాదబ్బా" అని వదిన నా చెంప తట్టేది. ఆమె నాకు అన్నం కలిపి పెట్టేది, స్నానం చేయించేది, ఒక్క పూట విసుక్కోలేదు. ఈ ఆట మాత్రం మానలేదు. మా ఆయన నవ్వేవాడు కాదు. అలాగని ఆపేవాడూ కాదు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

మూడు నెలలకు ఫిజియోథెరపీతో కాలు కొంచెం కదిలింది. మాట కదల్లేదు. స్పీచ్ థెరపీలో కుక్క బొమ్మ చూపిస్తే సరే, గొడుగు చూపిస్తే సరే. విచిత్రం ఏమిటంటే మా అమ్మ పాడే లాలిపాట ఒకసారి దానంతటదే నా నోట మొత్తం వచ్చింది, ఒక్క మాట తప్పలేదు. ఆయన పరిగెత్తుకుంటూ వెళ్ళి డాక్టరుకు చెప్పాడు. డాక్టరు అన్నాడు: "కుడివైపు బ్రెయిన్ బాగుంది, పాట అక్కడినుంచే వస్తుంది. మన ఆస్పత్రికి ఒకామె కొత్తగా వచ్చింది, లండన్‌లో మ్యూజిక్ థెరపీ చదివింది. ఈ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. అడిగి చూస్తాను."

ఆమె పేరు నళిని. ముప్పై ఏళ్ళుంటాయి. తంజావూరు తెలుగు వాళ్ళమ్మాయి, పెరిగింది లండన్‌లో. ఇంట్లో నేర్చుకున్న పాత తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు. నేను ఆస్పత్రి మెట్లు ఎక్కలేను కాబట్టి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇంటికే వచ్చేది. సరిగ్గా నలభై అయిదు నిమిషాలు.

సంగీతం చెప్పే మనిషి వస్తోందంటే మావాళ్ళు ఏం చేస్తారు? మొదటి రోజు పళ్ళెంలో కొబ్బరికాయ, పళ్ళు, కొత్త చీర పెట్టి, నన్ను ఇద్దరు పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర వంచబోయారు. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"వద్దండి. నేను గురువును కాను, ఆమె శిష్యురాలు కాదు. నేను ఆమెతో పని చేయడానికి వచ్చాను."

"మన తెలుగు పిల్లవే గదమ్మా, కొంచం కాఫీ అయినా తాగు" అంది వదిన.

"పని చేసే ఇంట్లో ఏమీ తీసుకోను. అది మా ప్రొఫెషనల్ బౌండరీ."

"బౌండరీ అంట! క్రికెట్టా ఏమి?" అని వదిన మా ఆయనతో అంది, ఆమెకు వినపడేలా. నళిని అందరినీ బయటికి పంపి తలుపు వేసింది. తన మంచినీళ్ళు తనే సీసాలో తెచ్చుకునేది. మా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని ఆ సాయంత్రమే వీధంతా తెలిసిపోయింది.

ఆమె పాటలు నేర్పలేదు. లాలిపాట పాడి చూపించాను. "బాగుంది. కానీ ఇందులో మాటలు పాటవి. మనకు మీ మాటలు కావాలి" అంది. రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. నా ఎడమచెయ్యి బల్ల మీద పెట్టించి, అక్షరానికి ఒక దెబ్బ చొప్పున తట్టించేది. ముందు ఊరికే కూనిరాగం. తర్వాత ఆమె మాటలు కలిపేది, నేను పెదవులు కదిపేదాన్ని. తర్వాత ఆమె సగంలో ఆగిపోయేది. తలుపు అవతలినుంచి వదిన గొంతు వినిపించేది: "రాగమూ లేదు, తాళమూ లేదు, ఏమి సంగీతమో ఇది!"

ఎనిమిదో సెషన్‌లో "నీ-ళ్ళు-కా-వా-లి" అన్నాను. పాడాననాలి. మొత్తం నేనే, ఆమె సాయం లేకుండా. ఏడ్చేశాను. చూస్తే ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు. తన చేతిరుమాలుతో నా గడ్డం తుడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంతమంది చుట్టాల్లో నా కోసం ఏడ్చినది ఈమె ఒక్కతే అనుకున్నాను.

తర్వాతి మంగళవారం వచ్చి కూర్చోగానే చెప్పింది. "పోయినసారి నేను ఏడ్చాను. అది నా పొరపాటు. ఈ టైమ్ మీది. ఇందులోకి నా బాధ తీసుకురాకూడదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడవటం కూడా పొరపాటేనా? మా వీధిలో పదిసార్లు గడప తొక్కినవాళ్ళు అక్కో పిన్నో అయిపోవలసిందే. ఈమె మాత్రం మొదటి రోజు ఎంత దూరంలో కూర్చుందో అంత దూరంలోనే ఉంది. ఇల్లంతా నన్ను పసిపిల్లను పిలిచినట్టు పిలుస్తుంటే ఈమె ఒక్కతే మీరు, కమలగారూ అనేది. అది మర్యాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకది నన్ను దూరం పెట్టడంలాగే వినిపించింది. "మీ-కు-పి-ల్ల-లా?" అని కష్టపడి పాడి అడిగాను. "ఈ గదిలో మీ గురించే మాట్లాడుకుందాం" అంది.

ఆమె చెప్పనిది వదిన చెప్పింది. ఆస్పత్రి ఆయా దగ్గర ఆరా తీసిందట. "మొగుడు ఆడనే లండన్‌లో వదిలేసినాడంట. అందుకే ఎవురింట్లోనూ కుంకం తీసుకోదు." ఇది నిజమో, ఆయా అల్లిందో ఎవరికి తెలుసు? నాకు అవసరం కూడా లేదు. అయినా మనసులో భద్రంగా దాచుకున్నాను. మాట పోయినా బుద్ధి ఎక్కడికీ పోలేదు నాకు.

నవరాత్రులు వచ్చాయి. మా వైపు బొమ్మల కొలువు చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ఊరికే వెళ్ళకూడదు. బొమ్మల ముందు ఒక పాట పాడాలి, కనీసం రెండు చరణాలు. అప్పుడు సుండల్ అనే గుగ్గిళ్ళ పొట్లం, తాంబూలం, జాకెట్టు గుడ్డ. మొదటి రెండు రోజులు వచ్చినవాళ్ళందరి ముందూ వదిన ఆ ప్రశ్న అడిగింది, నేను సరే అన్నాను, అందరూ నవ్వారు. అప్పటికి నాకు పన్నెండు వాక్యాలు వచ్చు. కానీ చెయ్యి తట్టుకుని, రాగం అందుకునే వ్యవధి ఎవరూ ఇవ్వరు. ప్రశ్న అయిపోగానే నోటికి దగ్గరగా ఉన్నది సరే ఒక్కటే.

నళిని పక్కన ఉంటే చూపించగలను. నాకు బుద్ధి ఉందని, మాట ఉందని ఈ ఆడవాళ్ళందరికీ తెలుస్తుంది. మంగళవారం సెషన్‌లో, రెండు రోజులు తయారుచేసుకున్న వాక్యం పాడాను: "కొ-లు-వు-కి-రం-డి."

ఆమె ముఖం వెలిగింది. "ఈ వాక్యం మీరే కట్టుకున్నారు!" అంది. తర్వాత నెమ్మదిగా, "నేను రాలేను కమలగారూ. నేను మీ థెరపిస్టుని. మీ ఇంటి మనిషినైతే మీకు పని చేయలేను" అంది.

నేను ముఖం తిప్పుకున్నాను. ఆ సాయంత్రం ఆయన నన్ను బుజ్జగించడానికి ఒక ఉపాయం చెప్పాడు. "రాను అంటే ఏమి? శుక్రవారం సెషన్‌కి వస్తాది గదా. ఆ టైముకే అందర్నీ పిలుద్దాము. వచ్చినాక ఏం చేస్తాది?"

"సరే" అన్నాను. ఆ ఒక్కసారి నిజంగానే అన్నాను.

శుక్రవారం మూడింటికి నళిని గడప దాటి హాల్లోకి వచ్చేసరికి జంఖానా మీద ఇరవై మంది ఆడవాళ్ళు పట్టుచీరల్లో కూర్చుని ఉన్నారు. నన్ను మధ్యలో కుర్చీలో, తల నిండా పూలతో కూర్చోబెట్టారు.

"రామ్మా నళినీ, కూచో. మా కమల చేత నాలుగు మాటలు పాడించు. అందురూ చూడాలని కాచుకోని ఉండారు" అంది వదిన.

నళిని నన్ను చూసింది. నాకు తెలుసా లేదా అని వెతికింది నా ముఖంలో. నేను కళ్ళు దించలేదు. ఆమెకు అర్థమైంది.

"సెషన్ గదిలోనే చేస్తాను. ఇలా చేయను" అంది.

"నవరాత్రి కదమ్మా, దేవి ముందర పాడితే తప్పా?" ఎవరో అన్నారు. "శానా పొగరు" అని ఇంకెవరో గొణిగారు. వదిన పళ్ళెం పట్టుకుని ఎదురు వెళ్ళింది. "పాడకపోతే పోనీ. ఇంటికొచ్చిన ఆడబిడ్డ ఊరికే పోకూడదు. తాంబూలం తీసుకో."

"క్షమించండి" అని నళిని చేతులు జోడించింది. పళ్ళెం ముట్టలేదు.

ఇరవై మంది ముందు చాచిన పళ్ళెం అలాగే ఉండిపోయింది. వదిన ముఖం మాడిపోయింది. ఎవరి మీదనైనా తీర్చుకోవాలి కదా. నావైపు తిరిగింది. "కమలా, ఈ సంగీతమంతా నేర్చినావు గదా. చెప్పు. నీ మొగుడికి ఇంకో పెండ్లి చేద్దామా?"

చెయ్యి తట్టుకోబోయాను. రాగం అందలేదు. "సరే" అన్నాను.

హాలంతా నవ్వింది. నళిని ఒక అడుగు ముందుకు వేసి, "దయచేసి ఆపండి. ఆమెకి అర్థమవుతుంది" అంది. నవ్వు ఆగిపోయింది. నవ్వుకైనా ఓర్చుకున్నాను, ఈమె జాలి చూడలేకపోయాను. ఇన్నాళ్ళుగా గదిలో ఈమెకు తెలియకుండా దాచిన నా అవమానం ఈమె కళ్ళముందే బట్టబయలైంది. నా ఇంటి కాఫీ తాగదు, నా ఇంటి కుంకుమ పెట్టుకోదు, నా మీద జాలి మాత్రం పడుతుంది.

అప్పుడు వచ్చింది మాట. రాగం లేదు, చేతిదెబ్బ లేదు. పాత కమల గొంతుతోనే వచ్చింది.

"మొగుడు వదిలేసినదానివి, నీకెందుకే తాంబూలం!"

ఆ వెంటనే వదిన పళ్ళెం కింద పెట్టి నన్ను వాటేసుకుంది. "మాటొచ్చింది! మా కమలకి మాటొచ్చింది! అమ్మా తల్లీ!" చప్పట్లు కొట్టారు. ఎవరో హారతి వెలిగించారు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. నేనన్నది ఏమిటో ఎవరికీ పట్టలేదు, అన్నాను, అదే చాలు. ఆ గందరగోళంలో నళిని సంచిలోంచి నోటుబుక్కు తీసి నిలబడే ఏదో రాసుకుంది. రాసి, బుక్కు లోపల పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఒకసారి గోడ పట్టుకుని ఆగడం కిటికీలోంచి చూశాను. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వేసింది.

మర్నాడు లేచి "కాఫీ" అనబోయాను. సరే అని వచ్చింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "కోపంలో దానంతటదే వచ్చే మాట అది, ఆటోమేటిక్ స్పీచ్. తిట్లు అలాగే వస్తాయి. అది రికవరీ కాదమ్మా" అన్నాడు. తర్వాత నళిని ఇచ్చిన రిపోర్టు తీసి మా ఆయనకు చదివి చెప్పాడు. సెషన్‌ను అనుమతి లేకుండా ప్రదర్శనగా మార్చారు. అంతకుముందు ఒకసారి థెరపిస్టు కూడా తన హద్దు దాటింది. ఇక కొనసాగించడం పేషెంటుకు మంచిది కాదు. స్పీచ్ థెరపీకి అప్పగిస్తున్నాను. నన్ను తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో నా వాక్యం ఉంది, పొల్లు పోకుండా. పక్కన: ఉచ్చారణ స్పష్టం, రాగం సాయం లేదు.

డాక్టరు ఆ వాక్యం గట్టిగా చదివాడు. డాక్టరుకు తెలుగు సరిగ్గా రాదు, అర్థం ఏమిటని మా ఆయనను అడిగాడు. మా ఆయన చెప్పలేదు.

నాలుగు నెలలు ఏమీ లేదు. ఉన్న పన్నెండు వాక్యాల్లో ఆరు పోయాయి. తర్వాత నేనే తలుపేసుకుని, బల్ల మీద ఎడమచెయ్యి పెట్టి మొదలుపెట్టాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి, ఆమె చూపించిన పద్ధతిలోనే. ఆమె ఉంటే వారంలో వచ్చే వాక్యం నాకు నెల పట్టేది. మరుసటి ఏడాది ఒక వాక్యం మూడు నెలలు సాధన చేసి, ఆయనతో ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో నళిని ఎదురైంది. ఆయనను దూరంగా ఉండమని సైగ చేసి, గోడ మీద చెయ్యి తడుతూ పాడాను: "త-ప్పు-చే-శా-ను-క్ష-మిం-చం-డి."

ఆమె చివరిదాకా ఆగింది. ఒక్క అక్షరం కూడా తను అందించలేదు. "వాక్యం పూర్తిగా వచ్చింది. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోండి, ఇంకా తేలికవుతుంది" అంది. తర్వాత చెప్పింది: "మీరు అడిగింది విన్నాను కమలగారూ. దానికి జవాబు నేను ఈ ఆస్పత్రిలో నిలబడి ఇవ్వలేను."

ఆస్పత్రి పనికి బయట మాకు పరిచయమే లేదు. ఎన్నడూ ఉండనివ్వలేదు ఆమె. లోపల ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే లండన్ తిరిగి వెళ్ళిపోయిందని తెలిసింది.

ఇప్పటికి అయిదేళ్ళయింది. బీపీ మాత్రలు ఒక్క పూట తప్పను. కర్ర లేకుండా మార్కెట్టుకు వెళ్ళివస్తాను. చిన్నచిన్న వాక్యాలు వస్తాయి, నెమ్మదిగా. తొందరపెడితే సరే వచ్చేస్తుంది. వదిన నా వాక్యాలు సగంలో అందుకుని పూర్తి చేస్తుంది, ఎప్పుడూ తప్పుగానే. పండగలకు చుట్టాలొస్తే ఇప్పటికీ ఆ ప్రశ్న అడుగుతుంది. నేను సరైన జవాబు పాడేలోపు వాళ్ళు నవ్వడం అయిపోయి, వేరే మాటల్లో పడిపోతారు. మాటతోపాటే పోయిన రాత కూడా మెల్లగా తిరిగొచ్చింది, ఇది నేను ఎడమచేత్తో, రోజుకు నాలుగు వరుసలు చొప్పున రాశాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మాట పోతే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేర్పడానికి వచ్చినవాళ్ళు కాఫీ వద్దంటే బలవంతం చేయకండి, తలుపు వేస్తే వెయ్యనివ్వండి, లోపల ఏం వచ్చిందో వచ్చినవాళ్ళ ముందు చూపించమనకండి. వాళ్ళను చుట్టాల్ని చేసుకోవాలని చూడకండి. నాకు చుట్టాలకు కొదవ లేదు, ఆ రోజు హాల్లోనే ఇరవై మంది ఉన్నారు. మాట నేర్పే మనిషి ఒక్కతే ఉండింది.